హీటరు మీటకి కట్టిన నల్లగుడ్డ

"సాలూరు బావ వేసిన పైపు పగిలి వాళ్లావిడ కాళ్లు కాలిపోయాయి." మా బంధువులందరూ అనే మాట ఇది. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటూ మా చర్చి సంఘంవాళ్లు కూడా అంటారు. కొత్తగా సంబంధం కలిసినవాళ్లకి మా కుటుంబాన్ని పరిచయం చేసేటప్పుడు ఎవరో ఒకరు ఈ సంగతి చెప్పి తీరతారు. అలా చెప్పినప్పుడు చాలాసార్లు నేను అక్కడే ఉన్నాను. ఒక్కసారీ కాదనలేదు.

ఆ పైపు పగలలేదు. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. ఎచ్చెర్లలో, యూనివర్సిటీకి ఎదురుగా నాకు జిరాక్సు, బైండింగు దుకాణం ఉండేది. ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక డాక్టరు దగ్గర పాత డీజిలు కారు కొన్నాను. మా ఇంట్లో అదే మొదటి కారు. దానికి హీటరు కూడా ఉంది. శ్రీకాకుళం ఎండల్లో కారుకి హీటరేమిటని దుకాణానికి వచ్చే కుర్రాళ్లు నవ్వేవారు. నాకు మాత్రం అది గొప్పగా ఉండేది. ఎవరెక్కినా ముందు దాని మీట చూపించేవాణ్ణి.

హీటరంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఇంజిన్లో కాగిన నీరు రెండు ఇనప గొట్టాల గుండా కారు లోపలికి వస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక, ముందు కూర్చున్నవాళ్ల కాళ్లకి ఎదురుగా, పుస్తకమంత చిన్న రేడియేటరు ఒకటి దాగి ఉంటుంది. నీరు అందులో తిరిగి మళ్లీ ఇంజిన్లోకి పోతుంది. మీట తిప్పితే వేడినీరు లోపలికి వస్తుంది, మూస్తే ఆగిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా కారు కింద రోజూ పొద్దున్న చిన్న మడుగు కనబడుతోందని, నీళ్లు పోస్తే బండి నడుస్తోందని.

నేను పోసింది దుకాణం వెనక బోరు నీళ్లు. సబ్బు నురగ కూడా రాని ఉప్పనీళ్లు.

మడుగు పెద్దదయ్యాక సాలూరు తీసుకెళ్లాను. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పని సాలూరులో ఇచ్చారు. బావకి లారీల షెడ్డు ఉంది, షెడ్డు వెనకే ఇల్లు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం నములుతూ, మాటకి ముందు ఒక నవ్వు నవ్వుతాడు. ఆ రోజు బానెట్ ఎత్తి, ఇంజిన్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, వేళ్లు బయటికి తీసి చూసుకున్నాడు. నవ్వలేదు.

"ఎన్నాళ్లనుంచి కారతంది?"

"కొంచెమే బావా. నీళ్లు పోసుకుంటే సరిపోతోంది."

"ఏ నీళ్లు?"

"బోరువి."

"ఒరే, ఇది ఇంజినా, మీ పెరట్లో కొబ్బరి సెట్టా, ఉప్పనీళ్లు తాగి కాయలు కాయడానికి? కూలెంట్ అన్నది ఒకటి ఉన్నాదని ఎవులూ సెప్పనేదేటి నీకు?"

ఇంజిన్‌కీ, దాని వెనకున్న రేకు గోడకీ మధ్య చెయ్యి పట్టనంత సందు. ఆ రెండు గొట్టాలూ ఆ సందులోనే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచిన బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరోసిన్ పోసి నానబెట్టాడు, సుత్తితో మెల్లగా తట్టాడు. ఒకటి వచ్చింది, ఒకటి తల తెగిపోయింది. మధ్యాహ్నానికి గొట్టాలు బయటికొచ్చాయి. పైన నల్లరంగు నిగనిగలాడుతోంది. పాడయ్యాయని నమ్మబుద్ధి కాలేదు.

"బాగానే ఉన్నాయి కదా బావా?"

ఆయన గొట్టం వంపు దగ్గర బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

ఇనుము వేలికి అలా లొంగడం నేనెప్పుడూ చూడలేదు. చిరిగిన చోట గోధుమరంగు పొక్కులు రాలాయి. లోపల గోడంటూ ఏమీ లేదు, తుప్పు పొర మీద రంగు పొర.

"ఇన్నాళ్లూ నీ బండిలో నీళ్లు మోసింది పైపు కాదురా బావమరిదీ," అన్నాడు. "రంగు."

అంత పాత కారుకి అలాంటి గొట్టాలు దొరకవు. కొత్త గొట్టం తెచ్చి తనే వంచాలి. ఉత్త గొట్టాన్ని వంచితే మడత పడి నలిగిపోతుంది కాబట్టి లోపల ఇసక దట్టించి, రెండు కొసలూ బిగించి, కాల్చి వంచుతారు. ఆ ఇసకలో తడి ఉండకూడదు. ఉంటే కాల్చినప్పుడు ఆవిరి పుట్టి గొట్టమే పేలిపోతుంది. అందుకని బావ ఇంట్లోకి వెళ్లి మా అప్ప మూకుడు తెచ్చి, షెడ్డులో పొయ్యి మీద పెట్టి, ఇసక వేయించడం మొదలుపెట్టాడు. అప్ప వెనకే పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మోలమ్మ, నా మూకుడు! ఆదివారం బూర్లెయ్యాల దాంట్లో. సంఘపోళ్లకి ఇసక బూర్లు పెట్టమన్నావేటి?"

"పెట్టు. నీ బూర్లకీ వాటికీ తేడా తెలీదు ఆళ్లకి."

"ఒరే తమ్ముడూ, సూస్తన్నావు కదా, మీ బావ నోరు!"

నవ్వుకుంటూనే ఉన్నాం. ఆయన మాత్రం ఇసక మీంచి కన్ను తీయలేదు. పాత గొట్టాన్ని పక్కన పెట్టుకుని, అదే వంపు, అదే కొలత వచ్చేదాకా రెండు గొట్టాల్నీ వంచాడు. రబ్బరు హోసు జారిపోకుండా కొసల్ని కొద్దిగా ఉబ్బేలా చేశాడు. పట్టీలు అతికాడు. ఆఖరికి ఒక కొస మూసి, బక్కెట్లో నీళ్లలో ముంచి, రెండో కొసనుంచి గాలి కొట్టించాడు. బక్కెట్ మీదికి వంగి అలాగే ఉండిపోయాడు.

"బుడగొచ్చినాదా?" అని నన్నడిగాడు.

"రాలేదు బావా."

"సరిగ్గా సూడు."

"రాలేదు."

అప్పుడు నవ్వాడు. జేబులోంచి ఇంకో లవంగం తీసి నోట్లో వేసుకున్నాడు.

గొట్టాలు బిగించి, కూలెంట్ పోసి, బండి చాలాసేపు నడిపి చూశాక నన్ను లోపల కూర్చోబెట్టి చెప్పాడు. లోపలున్న చిన్న రేడియేటరు కూడా ఆ గొట్టాల ఈడుదే, అదే ఉప్పునీరు తాగింది. అది మార్చాలంటే డ్యాష్‌బోర్డంతా ఊడదియ్యాలి, సామాను విశాఖనుంచి రావాలి. అందాకా ఆ రెండు గొట్టాల్నీ బయటే ఒకదానికొకటి కలిపేస్తే నీరు లోపలికి రానేరాదు. "బైపాస్ సేసీనా?" అన్నాడు.

"వద్దు బావా. హీటరు ఉండాలి. అరకు వెళ్తే కావాలి కదా."

"అరకా? ఎప్పుడెళ్లినావు?"

"వెళ్తాను."

నన్నొకసారి చూసి ఊరుకున్నాడు. మీటని మూసే వైపు గట్టిగా తిప్పాడు. షెడ్డులో ఒక లారీకి కట్టగా మిగిలిన నల్లగుడ్డ పేలిక తెచ్చి, మీట తిరక్కుండా చుట్టి ముడేశాడు.

"ఈ గుడ్డ తియ్యకు. నీరు లోపలికి పంపకు. ఇప్పుడు పైపు గట్టిది. ఇక పగిల్తే లోపలిదే పగుల్తాది. తెలిసిందా?"

తెలిసింది. చాలా స్పష్టంగా చెప్పాడు.

అంతలో అప్ప టీ తెచ్చింది. గుడ్డ చూసింది. సాలూరులో ఏ లారీకి చూసినా ముందో వెనకో దిష్టికి నల్లగుడ్డ వేలాడుతుంటుంది. కానీ మాది బాప్టిస్టు కుటుంబం. మా ఇళ్లలో నల్లతాడు కూడా కట్టరు.

"ఇదేటి, దిష్టిగుడ్డా? మనకి దిష్టేటి?"

బావ కన్ను గీటాడు. "మనకి నేకపోతే బండికి ఉండదేటి? నీ తమ్ముడి కంటే పెద్ద దిష్టి ఇంకేటున్నాది దీనికి?"

ముగ్గురం నవ్వాం. ఆవిడకి అసలు సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

వేసవిలో నౌపడ దగ్గర ఒక పల్లెలో సువార్త కూటాలు పెట్టారు. మా సంఘంలో రిటైరైన పాస్టరుగారు వాక్యం చెప్పాలి. ఆయన్ని మేమందరం అయ్యగారనే పిలుస్తాం. అప్ప పాటలు పాడాలి. అప్పకి గొంతు ఉంది, నిలబడి పాడితే మైకు అక్కర్లేదు. సాలూరునుంచి ముందురోజే మా ఇంటికి వచ్చింది. బావ లారీల పనితో రాలేకపోయాడు. అయ్యగారిని నా కారులో తీసుకెళ్తానని నేనే సంఘంలో అందరిముందూ మాటిచ్చాను.

అప్పకి బస్సుల్లో, కార్లలో కడుపు తిప్పుతుందని ఆ పొద్దున్న ముందు సీట్లో కూర్చోబెట్టాను. కూర్చోగానే ఆవిడ కన్ను మీట మీద పడింది.

"ఒరే, ఆ గుడ్డ తీసీరా. అయ్యగారెక్కుతారు. సూస్తే ఏటనుకుంటారు?"

ఒక్క మాటతో తేలిపోయేది. ఇది దిష్టిగుడ్డ కాదు, లోపల పాతబడింది, హీటరు తిప్పకుండా బావ కట్టాడు అంటే చాలు. కానీ ఆ మాటంటే ఆవిడ ఊరుకోదు. "అయితే ఈ బండేటి, బస్సులో పోదాం పద" అంటుంది. అయ్యగారు నా కారు దిగి బస్సెక్కడం నాకు ఇష్టం లేదు. ముడి విప్పాను. ఆ గుడ్డతోనే అద్దం తుడిచి సీటు కింద పడేశాను.

టెక్కలి దాటకముందే ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి ఎక్కింది. బావ పోసిన కూలెంట్ తగ్గినప్పుడల్లా నేను మళ్లీ బోరు నీళ్లే కలిపాను, ఇది కూడా చెప్పాలి. టీ దుకాణం దగ్గర ఆపాను. పక్కన ఒక లారీ డ్రైవరు టీ తాగుతూ నా బానెట్ లోంచి వస్తున్న సెగని చూశాడు.

"బాబూ, హీటరున్న బండేనా? ఉంటే ఫుల్లుగా తిప్పీ. అద్దాలు దింపీ. ఇంజిన్లో ఏడి లోపలికొచ్చీస్తాది, ముల్లు దిగీస్తాది."

అతను చెప్పింది తప్పు కాదు. హీటరు బాగున్న బండికి అది పనికొచ్చే ఉపాయమే. నా బండి సంగతి అతనికి తెలీదు. నాకు తెలుసు.

ఆ క్షణంలో మర్చిపోయానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. మీట మీద వేలు పెట్టినప్పుడు, గుడ్డ ముడి ఉండాల్సిన చోట నున్నగా తగిలింది. ఒక్క క్షణం ఆగాను. తర్వాత తిప్పాను.

ముల్లు దిగింది. నిజంగానే దిగింది. వెనకనుంచి అయ్యగారు, "భలే ఉపాయం బాబూ," అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. అప్ప మాత్రం కొంగుతో విసురుకుంటోంది.

"ఒరే, కాళ్లు మాడతన్నాయిరా. ఇది కారా, కుంపటా?"

"పక్కకి పెట్టుకో అప్పా. వచ్చేశాం."

రెండు వైపులా ఉప్పుమడులు. ఎండకి తెల్లగా కళ్లలో గుచ్చుకుంటున్నాయి. ఆవిడ చెప్పులు విడిచి కాళ్లు వెనక్కి లాక్కుంది. మళ్లీ తిమ్మిరెక్కి ముందుకి చాపింది. అప్పుడు డ్యాష్‌బోర్డు వెనక, తడిగుడ్డ దులిపినట్టు ఒక చప్పుడు.

ముందు అద్దం తెల్లబడిపోయింది. బయట ఉప్పు తెలుపో లోపల ఆవిరి తెలుపో తెలియలేదు. ఏమీ కనబడలేదు. తియ్యటి, ముక్కుకి అంటుకునే వాసన. తర్వాత మా అప్ప గొంతు. ఆ గొంతు నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను, అందులో అలాంటి శబ్దం ఉందని తెలీదు. బ్రేకు తొక్కానో, బండే ఆగిందో గుర్తులేదు. నేను దిగి ఆవిడ వైపు తలుపు తీసేసరికి ఆవిడ రెండు కాళ్లూ పైకెత్తుకుని ఉంది. చీర కుచ్చిళ్లు తడిసి, సలసల కాగిన ఆ నీటితో కాళ్లకి అతుక్కుపోయాయి. అయ్యగారు వెనక సీట్లో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. నేను అక్కడ నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియని మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాను.

ఉప్పుమడుల్లో పనిచేస్తున్న ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. అక్కడ ఎటు చూసినా నీళ్లే, గాని అన్నీ ఉప్పనీళ్లు. తాగడానికి వాళ్లు ఇళ్లనుంచి ప్లాస్టిక్ క్యాన్లలో తెచ్చుకుంటారు. ఆ క్యాన్లన్నీ తెచ్చి మా అప్ప కాళ్ల మీద పోశారు. ఒకావిడ నన్ను భుజం పట్టి కుదిపింది.

"సూస్తావేటి బాబూ! ఆటో పిలు, బేగి!"

ఆ ఎండలో వాళ్లు సాయంత్రందాకా ఏం తాగారో నేను తర్వాత ఎప్పుడూ వెళ్లి అడగలేదు.

టెక్కలి ఆసుపత్రిలో చేర్చాం. చర్మం చీరతో పాటు వచ్చేసింది. ఇంతకంటే రాయను. సాయంత్రానికి బావ సాలూరునుంచి ఏదో లారీ పట్టుకుని వచ్చాడు. చేతులకి ఇంకా గ్రీజు ఉంది, కడుక్కోకుండా బయల్దేరినట్టున్నాడు. వరండాలో నన్ను చూసి ఆగాడు.

"ఏటయ్యింది?"

"పైపు పగిలింది బావా."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు దిగ్భ్రమే. ముందుగా అనుకున్నది కాదు. మా వైపు కారులో నీళ్లు కారేది ఏదైనా పైపే అంటాం, అలా వచ్చేసిందని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. కానీ ఆయన మొహం చూశాక సరిదిద్దుకోవడానికి నాకు బోలెడంత సమయం ఉంది. ఆయన నోట్లో లవంగం నమలడం ఆగిపోయింది.

"నా పైపా?"

నేను మాట్లాడలేదు. అంతలో లోపలినుంచి నర్సు కేకేసింది, ఇద్దరం అటు కదిలాం. ఆయన లోపలికి వెళ్తూ తన చేతులు రెండూ తిప్పి చూసుకోవడం నేను చూశాను.

కారుని తాడు కట్టి ఎచ్చెర్లకి లాక్కొచ్చారు. దుకాణం పక్కన పెట్టించి, ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే బానెట్ ఎత్తి చూశాను. బావ వేసిన గొట్టాలు రెండూ చెక్కుచెదరలేదు. జాయింట్ల దగ్గర చేత్తో తడిమాను. పొడిగా ఉన్నాయి. లోపల చూస్తే డ్యాష్‌బోర్డు కింద ఆ చిన్న రేడియేటరు పెట్టె పక్కకి చీలి ఉంది. సీటు కింద నల్లగుడ్డ ఉంది. పాత ఇనుము కొనేవాళ్లని పిలిచి, ఆ వారంలోనే కారు ఇచ్చేశాను.

అప్ప కొంచెం తేరుకున్నాక బావ మా ఇంటికి వచ్చాడు. నన్ను పలకరించకుండా తిన్నగా దుకాణం పక్కకి వెళ్లాడు. నేల మీద నూనె మరక ఉంది, కారు లేదు.

"బండేదిరా?"

"ఇచ్చేశాను బావా. చూస్తే భయమేస్తోంది."

"ఎవులికి?"

"పాత ఇనుము వాళ్లకి."

ఆయన ఆ మరక దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఒక్కపాలి సూసుంటే బాగుణ్ణు," అన్నాడు. "ఏ జాయింటు కాడ పోనాదో తెలిసీది."

నేను టీ పెట్టిస్తానన్నాను.

ఆ తర్వాత సంగతులు మా వాళ్లందరికీ తెలిసినవే, కారణం తప్ప. అప్ప కాళ్లు మానాయి గాని వేళ్ల చర్మం ఒకదానికొకటి అతుక్కుంది. పాదం పక్కకి వేసి నడుస్తుంది, మగవాళ్ల వెడల్పు చెప్పులు తొడుక్కుంటుంది. పాటలు కూర్చుని పాడుతుంది. బావ గొట్టాల పని, రేడియేటర్ల పని మానేశాడు. షెడ్డు సగం ఇంకొకరికి ఇచ్చి తను టైర్లు చూసుకుంటున్నాడు. ఇంటికి ఎవరైనా వస్తే అప్ప ఆయన్ని చూపించి, "ఇదిగో, నా కాళ్లు ఉడకబెట్టీసినోడు," అనేది. ఆవిడ ప్రేమగానే అనేది. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా నోటినుంచి ఎలా వచ్చేదో ఇప్పుడు తలచుకుంటే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

ఆయన తనని తాను నమ్మడం మానేశాడని మాత్రం నాకు తెలీదు. అందరిముందూ మాట పడుతున్నాడు, లోపల తన పని మీద తనకి నమ్మకం ఉండే ఉంటుంది అనుకున్నాను. ఆ భ్రమ మీదే ఇన్నేళ్లు బతికాను.

చాలా ఏళ్ల తర్వాత, ఈమధ్యనే ఒక ఆదివారం సాలూరులో భోజనాలకి కూర్చున్నాం. మా పెదనాన్న కొడుకు తన పాత కారులో వచ్చాడు. అతని కారుకీ హీటరు గొట్టం కారుతోంది. చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"బావా, నువ్వోపాలి సూడవా? ఊళ్లో ఎవులికీ సెయ్యడం రాదంట."

"నాను సెయ్యను నాయనా."

"నీకు తెల్సిన పనే కదా?"

"నా సేతి పైపు నమ్మొద్దు." బావ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "బుడగ రాలేదు కదాని నమ్మినాను ఆ రోజు. నా కంటికే కనబడనేదు. ఈ ఇంట్లో ఒకరి కాళ్లు సాలు."

అప్ప ఎప్పటిలా నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ రోజు బక్కెట్ మీదికి వంగి, సరిగ్గా చూడమని నన్నే అడిగిన మనిషి. రాలేదని చెప్పింది నేను. ఇన్నేళ్లుగా ఆయన ఆ బక్కెట్లో కనబడని బుడగ కోసం వెతుకుతున్నాడు.

"నీ పైపు పగల్లేదు బావా," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ అన్నాను. మొత్తం చెప్పాను. గుడ్డ తీశానని, మీట తిప్పానని, పగిలింది లోపలిదని, ఆసుపత్రి వరండాలో నోరు మూసుకున్నానని, బానెట్ ఎత్తి చూశాకే కారు అమ్మేశానని. నన్ను తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా.

ఆయన అడిగింది ఒక్కటే.

"నా జాయింటు కారనేదా?"

"లేదు బావా."

"వంపు కాడ?"

"పొడిగా ఉంది. చేత్తో ముట్టుకుని చూశాను."

"సేత్తో సూసినావా? తడి నేదా?"

"లేదు."

ఎంగిలి చేత్తోనే లేచి షెడ్డు వైపు గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. వీపు మాకు. మా పెదనాన్న కొడుకు కంచంలోకి చూస్తున్నాడు.

అప్పుడు అప్ప గొంతు వినబడింది, చాలా చిన్నగా. "ఆ గుడ్డ తియ్యమన్నది నానే కదరా."

ఈ వైపు నేనెప్పుడూ ఆలోచించలేదు. "నీకు తెలీదు కదా అప్పా. నాకు తెలుసు."

ఆవిడ నా మాట వినలేదు. గుమ్మం వైపు తిరిగింది. "నువ్వు దిష్టికన్నావు కదా? నానడిగినాను కదా నిన్ను, ఇదేటని?"

ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నవ్వులాటకన్నానే."

"ఒక్క మాట సెప్పుంటే?"

నేను ఒప్పుకుంటే ఆయన నెత్తిమీంచి బరువు దిగిపోతుందనీ, నా నెత్తికి ఎక్కుతుందనీ అంతవరకే లెక్క వేసుకున్నాను. నేను నోరు తెరిచిన కాసేపటికే ఆ ఇద్దరూ నన్ను వదిలేసి, ఆ రోజు తాము అన్న మాటల్ని వెతుక్కోవడం మొదలుపెట్టారు. నా కళ్లముందే. అప్ప లేచి, పాదాలు పక్కకి వేసుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. తిరిగి రాలేదు.

అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. మా వాళ్లు, మా సంఘంవాళ్లు చదవాలని. మా బావ వేసిన గొట్టాలు పగల్లేదు. ఆయన జాయింటు కారలేదు. మా అప్ప గుడ్డ తియ్యమన్నది తెలియక. మా బావ దిష్టి అన్నది నవ్వడానికి. ఆ గుడ్డ ఎందుకు కట్టారో తెలిసీ విప్పింది నేను, తెలిసీ మీట తిప్పింది నేను. ఇందులో వాళ్లిద్దరికీ వాటా లేదు.

ఆ ఆదివారం తర్వాత బావ నాతో మాట్లాడలేదు. నేను ఫోను చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్లకి ఒక పొద్దున్న అప్పే చేసింది. పలకరింపు లేదు.

"మీ బావ నా మూకుడు అట్టుకుపోనాడు."

నాకు వెంటనే అందలేదు. "ఎందుకప్పా?"

"ఎందుకేటి? ఇసక ఏపుతన్నాడు. పెదనాన్న కొడుకు బండికి పైపు కట్టాలంట."

ఫోనులో వెనక ఎక్కడో గరిటె మూకుడుకి రాసుకుంటున్న చప్పుడు, ఇసక బరబర. వింటూ ఉండిపోయాను. అప్ప కూడా ఫోను పెట్టేయలేదు.

"నాను రానా అప్పా?" అన్నాను ఆఖరికి. చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడిన యాసే నోటికొచ్చింది.

"ఒద్దు. కొన్నాళ్లు రాకు," అంది. "ఈ పైపు కట్టనీ ముందు."